ఎరుపులో ఉన్నదే జవాబు

"మాస్టారూ, పీపీటీలు టెక్స్ట్ చేసి పెడతారంట కదా?"

పోయిన వేసవి, మధ్యాహ్నం మూడింటికి వచ్చిన ఫోన్ అది. కరెంటు లేదు, విసనకర్రతో విసురుకుంటూ ఎవరు నాయనా అన్నాను. వినుకొండ దగ్గర పల్లెటూరట, గ్రూప్-2కి చదువుతున్నాడట, పుట్టుకతోనే చూపు లేదట, నా నంబరు ఏదో వాట్సాప్ గ్రూపులో దొరికిందట. గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అప్పు చేసి కోచింగ్ ఫీజు కట్టాడు. క్లాసులో సారు చెప్పింది సగం "ఇదిగో ఇక్కడ చూడండి, ఇది దీని కిందకి వస్తుంది" అనే తీరులో ఉంటుంది కాబట్టి ఆ సగం పోయినట్టే. చివర్లో పీపీటీలన్నీ, అంటే క్లాసులో తెరమీద చూపించిన పవర్‌పాయింట్ స్లయిడ్ల ఫైళ్ళన్నీ, టెలిగ్రామ్‌లో పెట్టారు, మొత్తం 46 ఫైళ్ళు. ఫోన్‌లో తెరిస్తే, తెరమీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ "ఇమేజ్, ఇమేజ్, అన్‌లేబుల్డ్" అంటోందట.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తెనాలి దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతాను. చిన్నప్పటి రేచీకటి ముదిరి, డిగ్రీ రెండో ఏడాదికి చూపు పూర్తిగా పోయింది. లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వాడతాను, అది కూడా తెర చదివి వినిపించేదే, ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్. దాంతోపాటు విండోస్ లోపలే ఉబుంటు అనే లినక్స్ వేసుకున్నాను, కమాండ్ల కోసం. చూపున్నవాళ్ళు ఆ కమాండ్ విండో అంటే బెదిరిపోతారు. నల్లగా ఉంటుందంట. నాకు మాత్రం కంప్యూటర్లో అంత సుఖమైన చోటు ఇంకోటి లేదు. నేనొక లైను కొడితే అదొక లైను చెబుతుంది. ఎక్కడా బొమ్మలుండవు, మౌస్ పెట్టి వేటాడాల్సిన బటన్లుండవు.

"పంపించు అబ్బాయ్, రెండ్రోజుల్లో ఇచ్చేస్తా" అన్నాను. మూడు వారాలు పట్టింది.

ఇక్కడి నుంచి కమాండ్ల పేర్లు వస్తాయి. వాటిని నా చెవికి వినబడే తీరులోనే రాస్తాను. నాకు తెలిసిన రూపం అదే.

పీపీటీఎక్స్ ఫైలు పైకి ఒకటే ఫైలు, లోపల జిప్ సంచి. 2007 ఆఫీస్ నుంచీ ఇదే పద్ధతి. అన్‌జిప్ కమాండుకి హైఫన్ ఎల్ తగిలించి ఫైలు పేరు ఇస్తే లోపలి సరుకంతా జాబితా చదువుతుంది. పీపీటీ అనే ఫోల్డరు, దాన్లో స్లయిడ్స్, నోట్స్‌స్లయిడ్స్, మీడియా. ఒక్కో స్లయిడుకి ఒక్కో ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు, అంటే ట్యాగులనే గుర్తుల మధ్య మాటలు పెట్టిన టెక్స్ట్ ఫైలు, ఉంటుంది. స్లయిడు మీద టైప్ చేసిన మాటలు మామూలుగా 'ఏ కోలన్ టీ' అనే ట్యాగు మధ్యలో ఉంటాయి. అంటే పవర్‌పాయింట్ తెరవక్కర్లేదు. అన్‌జిప్ హైఫన్ పీ ఇచ్చి, ఆ వచ్చినదాన్ని గ్రెప్ అనే వెతికే కమాండులోకి పంపి, ఆ ట్యాగుల మధ్య ఉన్నది ఏరుకుంటే చాలు. ఒకే లైను. మొదటిరోజు సాయంత్రానికే 46 ఫైళ్ళకీ ఆ లైను తిప్పేసి, టెక్స్ట్ ఫైళ్ళు పంపేసి, హాయిగా అన్నం తిన్నాను.

కొన్ని పాత పీపీటీలు కూడా ఉన్నాయి, చివర ఎక్స్ లేనివి. అవి జిప్పులు కావు. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ ప్రోగ్రాముని విండో తెరవకుండా హెడ్‌లెస్‌గా నడిపి, కన్వర్ట్ టు పీపీటీఎక్స్ అంటే అవీ దారికొచ్చాయి. ఇంత గొడవెందుకు, పీడీఎఫ్ చేసి పీడీఎఫ్‌టుటెక్స్ట్‌కి ఇచ్చెయ్ అని చాలామంది చెబుతారు. ఇంగ్లీషుకి పర్లేదు. తెలుగుకి మాత్రం వద్దు. పీడీఎఫ్ దాచుకునేది అక్షరం ఆకారాన్ని, అక్షరాన్ని కాదు. తిరిగి లాగితే వత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట తేలతాయి. 'క్షేత్రం' అనే మాట నాకు మూడు రకాలుగా వినబడింది, మూడూ తప్పే.

మర్నాడు పొద్దున్నే ఫోన్.

"మాస్టారూ, మొదటి స్లయిడు అయ్యాక పదోది చదువుతోంది. తర్వాత పదకొండు. రెండోది ఎక్కడో చివర ఉంది."

తలకొట్టుకున్నాను. కంప్యూటర్ ఫైళ్ళ పేర్లని అక్షరాల ప్రకారం పేరుస్తుంది. దానికి 1 తర్వాత 10 వస్తుంది. సార్ట్ కమాండుకి పెద్ద వీ ఇస్తే అంకెల్ని అంకెల్లా చూస్తుంది. అది సరిచేసి మళ్ళీ పంపాను. గంటలో మళ్ళీ ఫోన్. ఒక ఫైల్లో రుద్రమదేవి చనిపోయాక గణపతిదేవుడు పుడుతున్నాడు. ఇది సార్ట్ తప్పు కాదు. స్లయిడుని జరిపి ఇంకోచోట పెడితే లోపలి ఫైలు పేరు మారదు. అసలు వరస ప్రెజెంటేషన్ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే ఫైల్లో విడిగా రాసి ఉంటుంది, ఏ నంబరు ఏ ఫైలో చెప్పే చిట్టా ఇంకోచోట ఉంటుంది. నోట్స్ సంగతీ అంతే. నోట్స్‌స్లయిడ్3 మూడో స్లయిడుదే అని నమ్మితే మునిగినట్టే.

మూడో ఫిర్యాదు కూడా ఆరోజే వచ్చింది. మాటలు విరుగుతున్నాయట. "ప్రతాప" అని ఆగి, కొత్త లైనులో "రుద్రుడు" అంటోంది. సారు టైప్ చేశాక మధ్యలో ఎక్కడో అక్షరం దిద్దితే, పవర్‌పాయింట్ ఆ మాటని రెండు ముక్కలుగా దాచుకుంటుంది. కంటికి అతుకు కనబడదు. గ్రెప్‌కి రెండూ వేరు వేరు. ముక్కల్ని పేరాగ్రాఫు లోపల అతికించి, పేరాగ్రాఫు అయ్యాకే కొత్త లైను వెయ్యాలి.

ఇక గ్రెప్‌తో కుదరదని తేలిపోయింది. ప్రోగ్రాములు రాసే పైథాన్ భాషలో పైథాన్-పీపీటీఎక్స్ అనే లైబ్రరీ, అంటే వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న కోడ్, ఉంది. స్లయిడ్ల వరసా, ముక్కల అతుకూ అది చూసుకుంటుంది. దాని మీద ముప్ఫై లైన్ల స్క్రిప్ట్ మొదలుపెట్టాను, చివరికి రెండొందలు దాటింది. గ్రూపు చేసిన ఆకారాల్లోకి దిగి చూడమని విడిగా చెప్పాలి, లేకపోతే వాటిలో ఉన్నది వదిలేస్తుంది. నోట్స్ కూడా లాగాను, అక్కడ మాత్రం పంట పండింది. స్లయిడు మీద పొడిపొడిగా నాలుగు మాటలుంటే, కింద నోట్స్‌లో సారు పాఠం మొత్తం రాసుకున్నాడు. మధ్యలో "ఇక్కడ టీ బ్రేక్", "వెనక బెంచీ వాళ్ళని లేపి అడగాలి" అని కూడా ఉన్నాయి. అవి తీసెయ్యనా అని అడిగితే, "ఉంచండి మాస్టారూ, నేనూ అక్కడే టీ తాగుతా" అన్నాడు.

నాలుగో రోజు అసలు దెబ్బ తగిలింది. బిట్ల ఫైళ్ళు ఎనిమిది ఉన్నాయి, ఒక్కోదానిలో యాభై అరవై ప్రశ్నలు. "ప్రశ్నలున్నాయి, ఆప్షన్లున్నాయి, జవాబుల్లేవు" అన్నాడు కుర్రాడు. క్లాసులో నోటితో చెప్పి ఉంటాడులే అన్నాను. కాదు మాస్టారూ, పక్కనున్నవాళ్ళు జవాబు స్లయిడులోనే చూసి రాసుకునేవారు అన్నాడు.

మా అక్క కూతురు ఇంటర్ పరీక్షలు రాసేసి సెలవులకి మా ఇంట్లోనే ఉంది. లాప్‌టాప్ దానివైపు తిప్పాను.

"73వ రాజ్యాంగ సవరణ దేనికి సంబంధించింది... ఏ, పంచాయతీరాజ్. బీ, పట్టణ స్థానిక సంస్థలు. సీ, పార్టీ ఫిరాయింపులు. డీ, ఓటుహక్కు వయసు."

"అది నాకూ వినబడిందే తల్లీ. జవాబెక్కడ?"

"ఎరుపులో ఉంది కదా మామయ్యా."

ఎరుపులో ఉంది! నాలుగు రోజులుగా నేను ఆ ఫైళ్ళని అటూ ఇటూ తిరగేస్తున్నాను. ప్రతి అక్షరమూ బయటికొచ్చింది, ఒక్కటీ పోలేదు. జవాబు మాత్రం అక్షరాల్లో లేదు, రంగులో ఉంది. చూపున్న రోజుల్లో నేనూ నోట్సులో ముఖ్యమైనదాని కింద ఎర్ర పెన్నుతో గీత పెట్టుకున్నవాణ్ణే. ఆ సంగతి నాకే తట్టలేదు.

ఎక్స్‌ఎమ్‌ఎల్ తెరిచి విన్నాను. పంచాయతీరాజ్ అనే ముక్క ముందు "ఎస్‌ఆర్‌జీబీ కలర్, వాల్యూ ఎఫ్ ఎఫ్ సున్నా సున్నా సున్నా సున్నా" అని ఉంది. ఎరుపు అంటే కంప్యూటర్ భాషలో అదే. సరే, ఆ విలువ కనబడితే ముందు 'జవాబు' అని రాయమని స్క్రిప్ట్‌కి చెప్పాను. నడిపాను. మొదటి ఫైలు అద్భుతం. రెండో ఫైల్లో ఆయన హెడింగులు కూడా ఎరుపులో పెట్టాడు. "జవాబు: భారత రాజ్యాంగం బిట్లు, భాగం రెండు" అని చదివింది. మూడో ఫైల్లో ఎరుపు ఎరుపు కాదు, ముదురు ఎరుపు, సీ సున్నాతో మొదలవుతుంది. నాలుగోదానిలో రంగు విలువే లేదు, థీములోని ఫలానా రంగు అని మాత్రం ఉంది, ఆ థీము ఫైలు తెరిస్తే గానీ ఏ రంగో తెలీదు.

చివరికి రంగు పేరు అడగడం మానేశాను. నాలుగు ఆప్షన్లున్న స్లయిడులో మూడు ఒక తీరుగా ఉండి, ఒకటి వేరే తీరుగా ఉంటే, ఆ వేరేదే జవాబు. ఎరుపో పచ్చో బోల్డో, స్క్రిప్ట్‌కి అనవసరం. రెండు వేరుగా ఉంటే మాత్రం "తేలలేదు, ఎవరినైనా అడుగు" అని రాసి ముందుకు పోతుంది. అలాంటివి పదకొండు తేలాయి, మేనకోడలు చూసి చెప్పింది. వాటిలో రెండింటికి సారే తప్పు ఆప్షన్‌కి రంగు వేసి, తర్వాత ఒప్పుదానికి వేసి, మొదటిది తుడవడం మర్చిపోయాడు.

ఒక ఫైల్లో రంగూ లేదు. ఆప్షన్ పక్కన టిక్కు బొమ్మ ఉందట. నాలుగు ఆప్షన్లు నాలుగు పెట్టెల్లో, టిక్కు ఎక్కడో విడిగా, ఏ పెట్టెతోనూ సంబంధం లేకుండా తేలుతూ ఉంది. కంటికి పక్కనున్నట్టు కనబడితే చాలు కదా. కానీ ప్రతి ఆకారానికీ స్లయిడు మీద ఎక్కడుందో కొలత రాసి ఉంటుంది, అంగుళానికి 9,14,400 యూనిట్ల చొప్పున. పైనుంచి టిక్కు దూరమెంత, ఒక్కో ఆప్షన్ దూరమెంత, దేనికి దగ్గర. తీసివేతే. ఇది పనిచేసిన రోజు రాత్రి నేను పడుకోలేదు, సంతోషంతో. ఇంట్లోవాళ్ళకి చెబితే "పరీక్ష నువ్వు రాస్తున్నావా, వాడా" అన్నారు.

కాకతీయుల ఫైలు గురించి చెప్పాలి. "కాకతీయ వంశవృక్షం" అని హెడింగ్ వినబడుతుంది, తర్వాత నిశ్శబ్దం, నేరుగా తర్వాతి స్లయిడు. బొమ్మ అనుకుని మీడియా ఫోల్డర్లో వెతికితే లేదు. స్మార్ట్‌ఆర్ట్ అది, పేర్లు ఇస్తే పవర్‌పాయింటే పెట్టెలూ గీతలూ గీసిపెట్టేది. దాని మాటలు స్లయిడు ఫైల్లో ఉండవు, డయాగ్రమ్స్ అనే ఇంకో ఫోల్డర్లో డేటా ఫైలు ఉంటుంది, అక్కడ ఉంటాయి. నేను వాడిన లైబ్రరీ అటువైపు వెళ్ళదు. నేనే వెళ్ళి తెరిచాను. పేర్లన్నీ ఉన్నాయి, కానీ సారు టైప్ చేసుకున్న వరసలో, ఎవరు ఎవరికేమవుతారో లేకుండా. ఆ ఫైల్లోనే కింద కనెక్షన్ల జాబితా ఉంటుంది. ఫలానా పెట్టె నుంచి ఫలానా పెట్టెకి గీత. వాటిలో 'ప్రెస్' అని మొదలయ్యే టైపువి బొమ్మ గీసుకోవడానికి ప్రోగ్రాము సొంతంగా వాడుకునేవి. టైపు రాయని కనెక్షన్లే అసలు చుట్టరికం.

ముందు మెట్లుమెట్లుగా స్పేసులు పెట్టి రాశాను. వినేవాడికి స్పేసులేం వినబడతాయి? మళ్ళీ మాటల్లోకి మార్చాను. "రెండో ప్రోలరాజు కింద: రుద్రదేవుడు, మహాదేవుడు. మహాదేవుడి కింద: గణపతిదేవుడు. గణపతిదేవుడి కింద: రుద్రమదేవి. రుద్రమదేవి కింద: ప్రతాపరుద్రుడు." ఇలా.

ఇక్కడ నాలో సోషల్ మాస్టారు లేచాడు. ప్రతాపరుద్రుడు రుద్రమదేవి కొడుకు కాదు, కూతురు ముమ్మడమ్మ కొడుకు, మనవడు. బొమ్మలో తిన్నగా గీత గీసేశారు. ఆ బొమ్మ చూసినవాళ్ళు ఎలా అర్థం చేసుకున్నారో నాకు తెలీదు. నేను మార్చకుండా ఉన్నదున్నట్టు ఇవ్వాలా, సరిచెయ్యాలా? సగంరోజు ఆలోచించి, ఉన్నది అలాగే ఉంచి, కింద "మాస్టారి మాట: మనవడు" అని ఒక లైను చేర్చాను. ఇలాంటి లైన్లు మొత్తం ఏడు పెట్టాను. ఎక్కువైతే అది వాడి మెటీరియల్ కాదు, నా క్లాసయిపోతుంది.

తొమ్మిది ఫైళ్ళు అసలు తెలుగే కావు. అంటే తెరమీద తెలుగే. లోపల డాలర్ గుర్తులు, కొటేషన్లు, తోకలున్న ఇంగ్లీషు అక్షరాలు. అను లాంటి పాత డీటీపీ ఫాంట్లతో కొట్టినవి. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి సొంత గదులున్నాయి. ఈ ఫాంట్లు ఆ గదుల్లోకి వెళ్ళవు, ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ఆకారాలు పెడతాయి. కంటికి తేడా లేదు. నా స్పీచ్ మాత్రం "టిల్డ్ యూ డాలర్ స్మాల్ వై కోట్" అని మంత్రం చదివినట్టు చదువుతూ పోతుంది. పాపం దాని తప్పేముంది.

తెనాల్లో శుభలేఖలు కొట్టే డీటీపీ సెంటర్ ఆయన నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆయన దగ్గర కన్వర్టర్ ఉంది. స్లయిడు నంబర్లు వేసి, తొమ్మిదీ టెక్స్ట్ ఫైళ్ళుగా పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాను. టీ తాగేలోపు మార్చి ఇచ్చాడు. ఇంటికొచ్చి వింటే పాఠం తెలుగైంది, నేను ఇంగ్లీషులో పెట్టుకున్న స్లయిడు నంబర్లూ తెలుగు పిచ్చి అక్షరాలయ్యాయి, మధ్యలో ఇంగ్లీషులో ఉన్న జీడీపీ, ఆర్‌బీఐ కూడా. కన్వర్టర్‌కి ఏది నిజం ఇంగ్లీషో ఏది వేషం వేసిన తెలుగో ఎలా తెలుస్తుంది? ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో మాత్రం ఒక్కో ముక్కకీ ఫాంటు పేరు ఉంటుంది. ఆ పాత ఫాంటు పేరున్న ముక్కలే ఏరి, వరస నంబరు ఇంకో ఫైల్లో దాచుకుని, ఉత్త ముక్కలే లైనుకొకటి ఇచ్చాను. రెండోసారి టీ డబ్బులు నేనిచ్చాను. క్రావడి, అంటే ర వత్తు, ఉన్న మాటలు కొన్ని అప్పటికీ తిరగబడ్డాయి. ఆకారం ఎడమవైపు ఉంటుంది కాబట్టి ఆ ఫైళ్ళలో అది హల్లు కంటే ముందే కూర్చుంది. సెడ్ అనే కమాండుతో వెతికి మార్చాను, మిగిలినవి చేత్తో.

ఒకసారి మేనకోడలు నా వెనక నిలబడి, "మామయ్యా, నీ విండోలో తెలుగు అంతా విరిగిపోయి ఉంది, వత్తులు ఎక్కడెక్కడో ఉన్నాయి" అంది కంగారుగా. కమాండ్ విండోకి తెలుగు సరిగ్గా గీయడం చేతకాదట. నాకు చక్కగానే వినబడుతోంది. దానికి కనబడేది తప్పు, నాకు వినబడేది ఒప్పు. జీవితంలో ఒక్కసారైనా అలాంటి రోజు రావాలి.

బొమ్మల పని దానిదే. బొమ్మకి రూపాయి అని బేరం కుదిరింది. మీడియా ఫోల్డర్లన్నీ కలిపి లెక్కేస్తే ఆరొందల పైచిలుకు తేలాయి. పిల్ల కళ్ళు మెరిసి ఉంటాయి. నేను ఎమ్‌డీ5సమ్ కొట్టాను. ప్రతి ఫైలుకీ వేలిముద్రలాంటి ఒక గుర్తు ఇస్తుంది, రెండు ఫైళ్ళకి ఒకే గుర్తు వస్తే రెండూ ఒకటే బొమ్మ. కోచింగ్ సెంటర్ లోగో ఒక్కటే 46 చోట్ల ఉంది. గాంధీగారు పధ్నాలుగు చోట్ల. మొత్తం 170కి దిగింది. "అన్యాయం మామయ్యా" అంది.

"ఇది చెప్పు."

"ఇద్దరు కోట్లేసుకున్నవాళ్ళు షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటున్నారు."

"పాఠమేంటి?"

"పంచవర్ష ప్రణాళికలు."

"అది వదిలెయ్. తర్వాత?"

"ఒక మొక్క, చేతిలో నాణేలు."

సగానికి సగం ఇలాంటి సరుకే. వీటిని స్క్రిప్ట్ 'బొమ్మ, అలంకారం' అని కూడా చెప్పదు, దాటేస్తుంది. ఫైల్లో బొమ్మ వివరణ కోసం డిస్క్రిప్షన్ అనే చోటు ఉంటుంది. చాలావాటికి అది ఖాళీ. కొన్నిటికి "పిక్చర్ 4" అనే పేరు ఒక్కటే ఉంది. మిగిలిన వాటిలో పటాలున్నాయి, అవి మేనకోడలు బాగా చెప్పింది. "గోదావరి ఎడమవైపు పైనుంచి వచ్చి కిందకి దిగి కుడివైపు సముద్రంలో కలుస్తోంది" అంటే నేను ఆపి, "ఎడమ కుడి కాదు, వాయవ్యం, ఆగ్నేయం అని చెప్పు, వాడు పరీక్షలో అవే రాస్తాడు" అన్నాను. తర్వాతివన్నీ దిక్కులతోనే చెప్పింది.

పుస్తకం పేజీల ఫొటోలు ఇరవై దాకా ఉన్నాయి. వాటిని, ఫొటోలోని అక్షరాల్ని టెక్స్ట్ చేసే టెసరాక్ట్‌కి ఇచ్చాను, దానికి తెలుగు డేటా విడిగా వేసుకోవాలి. మాటలు బాగానే పట్టింది. అంకెల దగ్గర జాగ్రత్త. కాకతీయ రాజ్యం 1323లో పడిపోతే దానికి 1328లో పడిపోయింది. కుర్రాడే పట్టుకుని ఫోన్ చేశాడు. అప్పటినుంచి ఆ పేజీల్లోని సంవత్సరాలన్నీ గ్రెప్‌తో బయటికి లాగి, ఒక్కోటీ మేనకోడలితో ఫొటోలో సరిచూయించాను.

ఇలా చెయ్యొచ్చా, అది వాళ్ళ మెటీరియల్ కదా అని ఒకాయన అడిగాడు. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ చేశారు. వికలాంగులు చదువుకోవడానికి వీలైన రూపంలోకి మార్చుకుంటే అది ఉల్లంఘన కాదని అందులో ఉంది. నేను వాడొక్కడికే ఇచ్చాను, ఎక్కడా పెట్టలేదు. దయచేసి ఆ ఫైళ్ళ కోసం నన్ను అడగొద్దు.

చివరి రూపం గురించి కూడా వాడే దారి చూపించాడు. టెక్స్ట్‌ని చదివే ఈస్పీక్‌తో ఆడియో చేసిస్తానన్నాను. "వద్దు మాస్టారూ, ఆడియోలో వెతకలేం" అన్నాడు. నిజమే. స్క్రిప్ట్‌తో మార్క్‌డౌన్, అంటే హెడింగులకి గుర్తులు పెట్టిన మామూలు టెక్స్ట్, రాయించి, పాన్‌డాక్ అనే మార్పిడి ప్రోగ్రాముతో హెచ్‌టీఎమ్‌ఎల్, అంటే వెబ్ పేజీ, చేశాను. ఒక్కో స్లయిడు పేరూ ఒక హెడింగ్. టాక్‌బ్యాక్‌లో హెడింగులు పట్టుకుని దూకుతూ పోవచ్చు, నలభై స్లయిడ్ల పాఠంలో కావల్సినదానికి చప్పున చేరొచ్చు. ఫైలు తెలుగుదని భాష పేరు కూడా రాయించాను, లేకపోతే కొన్ని ఫోన్లు ఇంగ్లీషు గొంతుతో మొదలుపెడతాయి.

టేబుల్స్ నాకు ఇష్టమైన భాగం. అడ్డంగా నిలువుగా ఉన్నది చెవికి తిన్నగా వస్తే ఏ అంకె ఏ గడిదో తెలీదు. అందుకని ప్రతి గడికీ ముందు దాని హెడింగు చదివించాను. "ప్రణాళిక: మొదటిది. కాలం: 1951-56. ప్రాధాన్యం: వ్యవసాయం. ప్రణాళిక: రెండోది. కాలం: 1956-61. ప్రాధాన్యం: భారీ పరిశ్రమలు." పన్నెండు ప్రణాళికలూ అలాగే. పుస్తకాల్లో మెచ్చుకునే పద్ధతి ఇది. గర్వంగా పంపాను.

రెండ్రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత మెసేజ్ వచ్చింది, ఆ స్క్రిప్ట్ పంపండి మాస్టారూ, కొంచెం మార్చుకుంటాను అని. పైథాన్ వచ్చా అంటే, యూట్యూబ్‌లో విని కొంత నేర్చుకున్నా అన్నాడు. పంపాను. రాత్రి తొమ్మిదింటికి తిరిగి పంపాడు. టేబుల్ దగ్గర నా లైన్లు ఆరు తీసేసి రెండు పెట్టాడు. హెడింగులు మొదటి వరసకి ముందు ఒక్కసారి చదువుతుంది, తర్వాత ఉత్త గడులే.

"ఎందుకు తీసేశావు?" అన్నాను, కొంచెం చురుక్కుమంది నాకు.

"మూడు మాటలు మాస్టారూ. ప్రణాళిక, కాలం, ప్రాధాన్యం. పన్నెండుసార్లు చెప్పాలా? మనం గుర్తుపెట్టుకోలేమా?"